నలుపుకు దక్కిన అంకెలెన్ని?

ఫోటో అబద్ధం చెప్పదని వొక నమ్మకం వుంది. యిప్పుడు ఫోటో అంటే కాగితం కూడా కాదు, అంకెల పట్టిక. అంకెలనగానే ఆ నమ్మకం యింకాస్త పెరిగింది. యిష్టాయిష్టాలు మనుషులకుంటాయి గాని యంత్రానికేముంటాయి, అంకెలకేముంటాయి అనుకుంటాం.

కాని మనలో చాలామందికి తెలిసిన అనుభవం వొకటుంది. మీటింగు అయ్యాక అందరూ నిలబడి గ్రూపు ఫోటో దిగుతారు. తెల్లగా వున్నవాళ్ల ముఖంలో నవ్వూ ముడతలూ అన్నీ పడతాయి. నల్లగా వున్నవాళ్ల ముఖంలో కళ్లూ పళ్లూ తప్ప యేమీ కనబడవు. "వాడు నలుపు గదా, ఫోటోకి పడడు" అని యెవరో నవ్వుతారు. తప్పు ఆ మనిషి వొంటి మీదకి పోయింది. అదే మనిషిని అదే వెలుతురులో పక్కనుంచి చూసినవాళ్లకి ముఖం స్పష్టంగానే కనిపించింది గదా! కంటికి కనిపించింది ఫోటోలో యెందుకు కనిపించలేదు? కంటికీ ఫోటోకీ మధ్య యేం జరిగింది? ఆ మధ్యలో జరిగేదాన్ని విడమరిచి చెప్పడమే యీ వ్యాసం పని.

ముందుగా వొక సంగతి తేల్చుకోవాలి. చర్మం రంగు గురించి మాట్లాడితే కులం గురించి మాట్లాడినట్టు కాదు. 'వర్ణం' అనే మాటకి రంగు అనే అర్థం కూడా వుండడం వల్ల కులాన్ని రంగుతో, రంగుని జాతితో ముడిపెట్టే సిద్ధాంతాలు చాలా పుట్టాయి. అంబేడ్కర్ వాటిని వొప్పుకోలేదు. పంజాబు బ్రాహ్మణుడూ పంజాబు చమారూ వొకే జాతివాళ్లనీ, మద్రాసు బ్రాహ్మణుడూ మద్రాసు పరయా కూడా అంతేననీ ఆయన 1936లోనే 'కులనిర్మూలన'లో వాదించాడు. వర్ణం అనే మాటకి మొదట్లో ఒంటిరంగుతో సంబంధమే లేదని 1946లో శూద్రుల గురించి రాసిన పుస్తకంలో తేల్చాడు. 1948లో అంటరానివాళ్ల మీద రాసిన పుస్తకంలో, వలస పాలన కాలంలో తీసిన ముక్కు కొలతల లెక్కల్నే తీసుకుని జాతి సిద్ధాంతాన్ని వాటితోనే కొట్టేశాడు. కాబట్టి కులానికి రంగు గుర్తు కాదు. అయినా గుర్తేనని నమ్మే చూపు మన సమాజంలో వుంది. పెళ్లి ప్రకటనలో కులం పక్కనే తెలుపు అని రాస్తారు. కాస్త తెల్లగా వున్న దళిత పిల్లని పట్టుకుని "నువ్వు వాళ్లలా లేవే" అంటారు. యీ చూపుకి యంత్రం యెలా తోడవుతుందో చూడాలి.

రంగు యెక్కడుంది?

మిరపపండు యెర్రగా వుందంటాం. చీకట్లో ఆ పండు రంగేమిటి? ప్రశ్న తిక్కగా వుంది గాని జవాబు తేలిక కాదు. వస్తువు మీద వెలుగు పడుతుంది. వస్తువు అందులో కొంత మింగేసి మిగతాది తిప్పికొడుతుంది. తిప్పికొట్టింది కంట్లో పడుతుంది. ఆ కాంతి కూడా రంగు కాదు. కాంతి కిరణాలకి రంగు లేదనీ, రంగు అనే అనుభవాన్ని మనలో పుట్టించే గుణం మాత్రమే వాటికి వుందనీ న్యూటన్ 1704లో 'ఆప్టిక్స్' పుస్తకంలో రాశాడు.

మన కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 380 నుంచి 700 నానోమీటర్ల దాకా. కంటి వెనక రెటీనా మీద రెండు రకాల కణాలున్నాయి. దండాలు సుమారు 12 కోట్లు. అవి మసకవెలుతురులో పనిచేస్తాయి, రంగు చెప్పలేవు. శంకువులు సుమారు 60 లక్షలు. రంగు తెలిసేది వీటి వల్లనే. శంకువులు మూడు రకాలు. వొక రకం 560 నానోమీటర్ల దగ్గర, యింకో రకం 530 దగ్గర, మూడోది 420 దగ్గర యెక్కువగా స్పందిస్తాయి. మెదడుకి చేరేది యీ మూడింటి స్పందనే. తరంగదైర్ఘ్యాల జాబితా మెదడుకి యెప్పుడూ చేరదు.

దీనివల్ల వొక వింత జరుగుతుంది. పాత సోడియం వీధిదీపం పసుపు కాంతి యిస్తుంది. దాని తరంగదైర్ఘ్యం సుమారు 589 నానోమీటర్లు. టీవీ తెర మీద అదే పసుపు కనిపిస్తుంది. కాని టీవీలో పసుపు దీపం లేదు. యెర్రటి చుక్కా ఆకుపచ్చ చుక్కా పక్కపక్కన వెలుగుతున్నాయి, అంతే. సోడియం దీపం మన శంకువుల్ని యే నిష్పత్తిలో కదిలిస్తుందో, ఆ రెండు చుక్కలు కలిసి అదే నిష్పత్తిలో కదిలిస్తాయి. బయట వున్నది వేరు, లోపల పుట్టిన అనుభవం వొకటే. రంగుల ఫోటో, టీవీ, కంప్యూటరు, సెల్‌ఫోన్ అన్నీ యీ వొక్క కిటుకు మీదే నడుస్తున్నాయి.

యీ కిటుకుని మొదట వాడి చూపించినవాడు జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్. 1861లో లండన్‌లో వొక రంగుల రిబ్బనుని యెరుపు, ఆకుపచ్చ, నీలం ద్రావణాల గుండా మూడుసార్లు ఫోటో తీయించి, మూడింటినీ ఆయా రంగు కాంతులతో తెర మీద వొకదానిమీద వొకటి వేశాడు. మూడూ కలిసి రంగుల బొమ్మ అయింది. మన జేబులో ఫోను చేసేది యిప్పటికీ యిదే పని.

కన్నుకి యింకో గుణం వుంది. అది వుత్త కొలతపరికరం కాదు, అంచనా వేస్తుంది. బల్బు కింద తెల్ల కాగితం నిజానికి పచ్చటి కాంతిని తిప్పికొడుతుంది. అయినా మనకు తెల్లగానే కనిపిస్తుంది. వెలుతురు పచ్చగా వుందని మెదడు లెక్కేసుకుని ఆ మేరకి తీసేస్తుంది. 2015 ఫిబ్రవరిలో ప్రపంచమంతా తిరిగిన వొక గౌను ఫోటో గుర్తుండే వుంటుంది. కొందరికి నీలం, నలుపు చారలు. కొందరికి తెలుపు, బంగారం చారలు. ఫోటోలో అంకెలు అందరికీ అవే. వెలుతురు యెలాంటిదని వాళ్ల వాళ్ల మెదడు వూహించుకుందో దాన్నిబట్టి రంగు మారింది. మనిషి ముఖం నీడలో వున్నా యెండలో వున్నా ఆ మనిషి రంగు మనకి మారినట్టు అనిపించకపోవడానికి కూడా కారణం యిదే. కెమెరాకి యీ తెలివి పుట్టుకతో లేదు. యెవరో నేర్పాలి. నేర్పినవాళ్లు యెవరిని చూసి నేర్పారన్నదే తరవాతి ప్రశ్న.

మూడు అంకెల భాష

ఫోన్ తెరని భూతద్దంతో చూస్తే చిన్న చిన్న చుక్కలు కనిపిస్తాయి. బొమ్మలో వొక్కో బిందువుని పిక్సెల్ అంటారు. ప్రతి పిక్సెల్‌కీ మూడంకెలు: యెరుపు యెంత, ఆకుపచ్చ యెంత, నీలం యెంత. మామూలుగా వొక్కో అంకె 0 నుంచి 255 దాకా వుంటుంది. మూడూ 0 అయితే నలుపు, మూడూ 255 అయితే తెలుపు. 256ని మూడుసార్లు హెచ్చవేస్తే 1,67,77,216. 'కోటీ అరవై ఏడు లక్షల రంగులు' అని ప్రకటనల్లో రాసేది యిదే లెక్క.

కెమెరా లోపల సెన్సర్ వుంటుంది. అది వెలుగుని మాత్రమే యెరుగును, రంగుని యెరగదు. అందుకని దాని గళ్ల మీద రంగు జల్లెళ్లు పరుస్తారు. కోడాక్ కంపెనీలో పనిచేసిన బ్రైస్ బేయర్‌కి 1976లో యీ అమరికకి పేటెంటు వచ్చింది. గళ్లలో సగం ఆకుపచ్చ, పావు యెరుపు, పావు నీలం. ఆకుపచ్చకి రెట్టింపు వాటా యెందుకంటే, వెలుతురు హెచ్చుతగ్గుల్ని మన కన్ను ఆ మధ్య తరంగాల్లోనే బాగా పసిగడుతుంది. అంటే యంత్రంలో వాటాలు కన్నుని చూసి పంచారు.

యే అంకెకి యే రంగు అన్నది కూడా మనుషులు కూర్చుని నిర్ణయించినదే. 1920ల చివర్లో ఇంగ్లండులో రైట్, గిల్డ్ అనే యిద్దరు శాస్త్రవేత్తలు విడివిడిగా ప్రయోగాలు చేశారు. వొకరి దగ్గర 10 మంది, యింకొకరి దగ్గర 7గురు. వాళ్ల కళ్ల సగటు తీసి 1931లో వొక అంతర్జాతీయ సంఘం 'ప్రామాణిక పరిశీలకుడు' అని ఖాయం చేసింది. ఆ 17 మంది కళ్ల సగటు మీదే రంగు కొలతలు యీనాటికీ ఆధారపడి వున్నాయి. ఆ పునాది మీదే 1996లో హ్యూలెట్ ప్యాకార్డ్, మైక్రోసాఫ్ట్ కంపెనీలు ఎస్‌ఆర్‌జీబీ అనే పద్ధతిని ప్రతిపాదించాయి. 1999లో అది అంతర్జాతీయ ప్రమాణం అయింది. మన ఫోన్లలో, కంప్యూటర్లలో తిరిగే ఫోటోల్లో చాలావరకు యీ పద్ధతిలోవే.

17 మంది అనగానే అన్యాయం అని యెగరనక్కర్లేదు. చర్మం రంగుని బట్టి శంకువులు మారవు. చూసే కన్ను విషయంలో ఆ సగటు వల్ల మనకి పెద్దగా పోయిందేమీ లేదు. చిక్కు చూడబడే ముఖం దగ్గర వచ్చింది.

కళ్లంలో పంపకం

యిక్కడ కాస్త నిదానంగా చదవాలి. అసలు విషయం యిదే.

కన్ను వెలుతురుని నిష్పత్తుల్లో చూస్తుంది. వొక దీపం వున్న గదిలో రెండో దీపం వెలిగిస్తే తేడా బాగా తెలుస్తుంది. వంద దీపాల మధ్య యింకో దీపం వెలిగిస్తే తెలియదు. అంటే చీకటి వైపు చిన్న చిన్న తేడాల్ని కూడా కన్ను జాగ్రత్తగా పట్టుకుంటుంది. నల్లటి ముఖంలో వుండే ఛాయలు, చెంప మెరుపు, కంటి కింద నీడ మనకి స్పష్టంగా కనిపించేది అందుకే.

సెన్సర్ అలా కాదు. అది గింజలు లెక్కపెట్టినట్టు కాంతిని లెక్కపెడుతుంది. రెట్టింపు కాంతికి రెట్టింపు అంకె. వొక సెన్సర్ 4,096 మెట్లు లెక్కపెట్టగలదు అనుకుందాం. అన్నిటికంటే వెలుగ్గా వున్న తెల్ల చొక్కా పైమెట్టు మీద వుంది. ఆ వెలుగులో సగం దాకా వున్నవాటికి 2,048 మెట్లు దక్కుతాయి. ఆ సగంలో సగానికి 1,024. దానికింద 512, తరవాత 256, తరవాత 128, 64, 32. కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు సగం రాశి మొదటివాడు యెత్తుకుపోయి, మిగిలినదాంట్లో సగం రెండోవాడు యెత్తుకుపోయి, చివర నిలబడ్డవాడికి తాలు గింజలు మిగిలినట్టు వుంటుంది యీ పంపకం. చొక్కా తిప్పికొట్టే కాంతిలో సగం తిప్పికొట్టే ముఖానికి వెయ్యి మెట్ల దాకా వున్నాయి. పదహారో వంతు తిప్పికొట్టే ముఖానికి సుమారు 128. కన్ను యెక్కడ యెక్కువ తేడాలు చూడగలదో అక్కడ సెన్సర్ తక్కువ మెట్లు యిచ్చింది.

దీనికి తోడు యింకొకటి వుంది. కాంతి చినుకుల్లా పడుతుంది, వొక లెక్క ప్రకారం పడదు. వొక గడిలో సగటున 10,000 కాంతి రేణువులు పడాల్సిన చోట అటూయిటూగా 100 తేడా వస్తుంది. అది నూటికి 1 పాలు. సగటున 100 పడాల్సిన చోట 10 తేడా వస్తుంది. అది నూటికి 10 పాళ్లు. తక్కువ వెలుగు తిప్పికొట్టే ముఖం మీద రవ్వరవ్వగా మచ్చలు కనిపించేది దీనివల్లే. ఆ మచ్చల్ని తుడవడానికి ఫోన్ ముఖాన్ని నున్నగా చేస్తుంది. అప్పుడు మచ్చలతో పాటు ముఖకవళికలూ పోతాయి.

యిందులో కుట్ర లేదు, భౌతికశాస్త్రం వుంది. కాని భౌతికశాస్త్రం దగ్గరే ఆగిపోతే మోసపోతాం. కాంతిని రెట్టింపు తీసుకుంటే ప్రతి ముఖమూ వొక వాటా పైకి జరుగుతుంది. రెండు రెట్లు, నాలుగు రెట్లు తీసుకుంటే నల్లటి ముఖానికీ కావలసినన్ని మెట్లు దొరుకుతాయి. అప్పుడు తెల్ల చొక్కా పైన పొంగిపోయి వుత్త తెలుపు అవుతుంది. చొక్కా మడతలు కావాలా, మనిషి ముఖం కావాలా? యీ ప్రశ్న భౌతికశాస్త్రం వెయ్యదు, జవాబూ చెప్పదు. ఎక్స్‌పోజర్ యెంత వుండాలో నిర్ణయించే పద్ధతి చెబుతుంది. ఆ పద్ధతిని మనుషులు రాశారు.

ఫైలులో అంకెలు రాసుకునే తీరు మాత్రం నలుపుకి మేలే చేస్తుంది. ఎస్‌ఆర్‌జీబీలో అంకెలు కాంతితో సమానంగా పెరగవు. తెలుపు నుంచి వచ్చే కాంతిలో నూటికి 18 పాళ్లే వున్న బూడిదరంగుకి సమానంగా పంచితే 255లో 46 దక్కాలి. కాని 118 దక్కుతుంది. నూటికి 5 పాళ్ల వెలుగుకి 13 దక్కాల్సింది 63 దక్కుతుంది. చీకటి వైపు యెక్కువ అంకెలు కేటాయించారు, కన్ను అక్కడే యెక్కువ తేడాలు చూస్తుంది కాబట్టి. అవసరాన్ని బట్టి వాటా అంటే యిదే. రిజర్వేషన్లని 'మెరిట్‌'కి అన్యాయం అనేవాళ్లు తమ ఫోన్లో ప్రతి ఫోటో యీ సూత్రం మీదే నిలబడి వుందని తెలుసుకుంటే బాగుండు. అయితే కేటాయించిన చోటు నిండాలంటే సమాచారం సెన్సర్ నుంచి రావాలి. అక్కడే రాకపోతే ఫైలులో యెన్ని అంకెలుంటే యేం లాభం?

'మామూలు చర్మం' యెవరిది?

కెమెరా యెంత వెలుగు తీసుకోవాలో యెలా నిర్ణయిస్తుంది? చాలాకాలం పాటు వాడిన సూత్రం యేమిటంటే, దృశ్యం మొత్తం సగటు తీస్తే ఆ నూటికి 18 పాళ్ల బూడిదరంగు అవుతుందని అనుకోవడం. తెల్లగోడ ముందు నిలబడ్డ నల్లటి మనిషిని తీస్తే, గోడ వెలుగుని చూసి కెమెరా 'వెలుతురు యెక్కువైంది' అనుకుని తగ్గిస్తుంది. గోడ బూడిదరంగుకి దిగుతుంది, మనిషి చీకట్లో కలుస్తాడు. పాస్‌పోర్టుకి, పరీక్షల దరఖాస్తుకి తెల్ల బ్యాక్‌గ్రౌండ్ కావాలంటారు గదా, నల్లటి పిల్లలకి ఆ ఫోటో సరిగా రాకపోవడంలో దీనికి భాగం వుంది. అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఏన్సెల్ ఆడమ్స్ వెలుగుని మెట్లుగా విడగొట్టి చెప్పిన పద్ధతిని ఫోటోగ్రఫీ విద్యార్థులు తరాలుగా చదివారు. అందులో ఆరో మెట్టుకి వుదాహరణగా తెల్లవాళ్ల సగటు చర్మాన్ని యిచ్చారు.

రంగుల ఫిల్ము కాలంలో సంగతి యింకా బాహాటం. 1950ల నుంచి కోడాక్ కంపెనీ కలర్ ల్యాబులకి వొక నమూనా ఫోటో పంపేది. అందులో వొక తెల్లజాతి స్త్రీ. మొదటి మోడల్ పేరు మీద ఆ కార్డులకి షర్లీ కార్డులని పేరు పడింది. ఆ స్త్రీ చర్మం సరిగ్గా వచ్చేదాకా ల్యాబులో మిషను సరిచెయ్యాలి. ఆమె సరిగ్గా వస్తే అందరూ సరిగ్గా వచ్చినట్టే. కెనడా పరిశోధకురాలు లోర్నా రాత్ యీ చరిత్రని తవ్వి 2009లో ప్రచురించింది. ఫిల్ము మార్చమని కోడాక్ మీద గట్టిగా వొత్తిడి పెట్టినవాళ్లు యెవరో ఆమెకి కోడాక్ మాజీ వుద్యోగులే చెప్పారు. చాక్లెట్ కంపెనీలు, చెక్క ఫర్నిచర్ తయారీదార్లు! ముదురు చాక్లెట్‌కీ లేత చాక్లెట్‌కీ, వొక చెక్కకీ యింకో చెక్కకీ తేడా ఫోటోలో తెలియడంలేదని వాళ్ల ఫిర్యాదు. నల్లవాళ్ల ముఖాలు అంతకుముందు కూడా అలాగే చీకట్లో కలుస్తున్నాయి. తేడా తెలియవలసిన వస్తువు సరుకు అయినప్పుడే అది సమస్య అయింది. నల్ల, తెల్ల, ఆసియా స్త్రీలు ముగ్గురూ వున్న కార్డు 1990ల్లో గాని రాలేదు.

ఆ ఫిల్మే మన వూళ్ల స్టూడియోలకూ వచ్చింది. స్టూడియోలో అద్దం పక్కన దువ్వెన, దాని పక్కన పౌడరు డబ్బా వుండేవి. పౌడరు రాస్తే ముఖం కాస్త యెక్కువ వెలుగు తిప్పికొడుతుంది. ఫిల్ము నల్లటి ముఖానికి సరిపోవడంలేదు కాబట్టి ముఖాన్నే ఫిల్ముకి సరిపోయేట్టు చేశారు. యిప్పుడు ఆ పౌడరు డబ్బా ఫోన్లోకి వచ్చింది. 'బ్యూటీ' అని మీట వుంటుంది. నొక్కితే ముఖం నున్నగా తెల్లబడుతుంది. అందం అంటే యే వైపుకి జరగాలో ఆ ప్రోగ్రాం ముందే నిర్ణయించి పెట్టుకుంది. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము 2020లో పేరు మార్చుకుంది గాని ఆ కోరిక యింకా యెక్కడికీ పోలేదు.

చర్మాన్ని కొలిచే కొలబద్దల సంగతీ అంతే. వైద్యంలో, తరవాత కంప్యూటర్లలో బాగా వాడిన ఫిట్జ్‌ప్యాట్రిక్ కొలబద్ద 1975లో పుట్టింది. యెండకి చర్మం యెంత కమిలిపోతుందో తెలుసుకోవడానికి తెల్లవాళ్ల కోసం చేసింది అది. మొదట నాలుగే తరగతులు. గోధుమ, నలుపు రంగుల చర్మాలకి తరవాత రెండు తగిలించారు. ప్రపంచంలో ముదురు రంగు జనానికంతా రెండు గళ్లు! హార్వర్డ్ సమాజశాస్త్రవేత్త ఎల్లిస్ మంక్ పది ఛాయలతో చేసిన కొలబద్దని గూగుల్ 2022లో తీసుకుంది. గళ్లు పెరిగాయి. ఆ గళ్లలో మనవాళ్ల ఫోటోలు యెన్ని చేరతాయన్నది వేరే పోరాటం.

రంగులద్దిన అంబేడ్కర్

మనకి దగ్గరి వుదాహరణ వొకటి చూద్దాం. బాబాసాహెబ్ నలుపు తెలుపు ఫోటోలకి కంప్యూటర్ ప్రోగ్రాం రంగులద్ది యిస్తే మనం సంతోషంగా పంచుకుంటున్నాం. ఆ రంగు యెక్కడి నుంచి వచ్చింది?

నలుపు తెలుపు ఫోటోలో వెలుగు సమాచారం మాత్రమే వుంది, రంగు సమాచారం లేదు. యిలాంటి ప్రోగ్రాంలు సాధారణంగా వెలుగుని వున్నది వున్నట్టు వుంచి, రంగుని వూహిస్తాయి. అంతకుముందు తమకి చూపించిన లక్షల రంగు ఫోటోల్లో యిలాంటి ఆకారానికి, యిలాంటి వెలుగుకి యే రంగు వుందో దాన్నిబట్టి అద్దుతాయి. పైగా ఆ వెలుగు కూడా ఆ రోజు దీపాలు యెక్కడున్నాయి, ఆ ఫిల్ము యే రంగుకి యెంత స్పందిస్తుంది అనేవాటి మీద ఆధారపడింది. కాబట్టి ఆ బొమ్మలో ఆయన చర్మం రంగు సాక్ష్యం కాదు, అంచనా. చూపించిన ఫోటోల్లో యెవరెక్కువ వుంటే అంచనా వాళ్లవైపు వొరుగుతుంది.

మన వాడల్లో విగ్రహాలకి నీలం సూటు వేస్తాం. అది వుద్యమం యెంచుకున్న రంగు అని వేసినవాళ్లకీ తెలుసు, చూసినవాళ్లకీ తెలుసు. ప్రోగ్రాం వేసిన రంగు అలా చెప్పుకోదు. నిజమైన రంగులాగా వచ్చి కూర్చుంటుంది. అలాంటి బొమ్మని పాఠ్యపుస్తకంలోనో గోడ మీదనో పెట్టేటప్పుడు కింద 'రంగు కల్పితం' అని రాయడం కనీస బాధ్యత.

లెక్క తప్పితే

ఫోటో బాగా రాకపోతే కొంపేం మునిగింది అని అడగొచ్చు. రెండు సంగతులు చెబుతాను.

2018లో జాయ్ బువొలంవీని, టిమ్నిట్ గెబ్రూ అనే యిద్దరు నల్లజాతి పరిశోధకురాళ్లు మూడు కంపెనీల ముఖ పరిశీలన ప్రోగ్రాంలని పరీక్షించారు. మైక్రోసాఫ్ట్, ఐబీఎం, ఫేస్‌ప్లస్‌ప్లస్. మూడు ఆఫ్రికా దేశాల, మూడు యూరప్ దేశాల పార్లమెంటు సభ్యుల ఫోటోలు 1,270 తీసుకుని, ముఖం ఆడో మగో చెప్పమన్నారు. లేత రంగు మగవాళ్ల విషయంలో తప్పులు నూటికి 0.8 దాటలేదు. ముదురు రంగు ఆడవాళ్ల విషయంలో నూటికి 34.7 దాకా వెళ్లాయి. రంగూ ఆడతనమూ కలిసినచోట దెబ్బ యెక్కువ పడింది. అన్నీ కలిపి సగటు తీసి చూపిస్తే యీ సంగతి బయటపడేది కాదు. దళిత స్త్రీల గురించి విడిగా లెక్కలు అడిగితే "అందరికీ కలిపి చెప్పాం గదా" అనేవాళ్లకి యిది మంచి జవాబు.

రెండోది ప్రాణం సంగతి. కోవిడ్ కాలంలో అందరి వేళ్లకీ తగిలించిన ఆక్సీమీటర్ యెర్ర కాంతినీ కంటికి కనిపించని పరారుణ కాంతినీ వేలి గుండా పంపి రక్తంలో ఆక్సిజన్ యెంతో లెక్కగడుతుంది. చర్మంలోని మెలనిన్ కూడా ఆ కాంతిని మింగుతుంది. 2020 డిసెంబరులో అమెరికాలో ప్రచురించిన వొక అధ్యయనం ప్రకారం, ఆక్సీమీటర్ 92 నుంచి 96 చూపిస్తున్నప్పుడు రక్తపరీక్షలో ఆక్సిజన్ ప్రమాదకరంగా తక్కువగా తేలినవి తెల్లవాళ్ల కొలతల్లో నూటికి 3.6, నల్లవాళ్ల కొలతల్లో నూటికి 11.7. మిషను 'బాగానే వుంది' అని చెప్పింది, మనిషి బాగాలేడు. లేత చర్మానికి సరిపోయిన కొలతని అందరికీ సరిపోయినట్టు భావిస్తే జరిగేది యిదే.

కనిపిస్తే చాలా?

అయితే మన ముఖాలు యంత్రానికి స్పష్టంగా కనిపించాలని మాత్రమే కోరుకుంటే చాలా? చాలదు. 1970లో అమెరికాలో పోలరాయిడ్ కంపెనీలో పనిచేసే కరోలిన్ హంటర్, కెన్ విలియమ్స్ అనే నల్లజాతి వుద్యోగులకి వొక నిజం తెలిసింది. తమ కంపెనీ కెమెరాలతోనే దక్షిణాఫ్రికాలో నల్లవాళ్ల పాస్‌బుక్కుల ఫోటోలు తీస్తున్నారు. ఆ పాస్‌బుక్కు లేకుండా నల్లవాళ్లు తమ దేశంలోనే తిరగలేరు. వాళ్లు కంపెనీ మీద వుద్యమం లేవదీశారు, వుద్యోగాలు పోగొట్టుకున్నారు. 1977లో పోలరాయిడ్ దక్షిణాఫ్రికా నుంచి వైదొలగింది. అక్కడ నల్ల ముఖం ఫోటోలో స్పష్టంగా పడడమే సంకెల అయింది.

మన దగ్గరా ఆ ప్రశ్న వచ్చింది. తెలంగాణ పోలీసులు 2018లో ముఖాన్ని గుర్తుపట్టే వ్యవస్థని తమ యాప్‌లో చేర్చారు. రోడ్డు మీద ఆపి ఫోటో తీయడాన్నీ ఆ వ్యవస్థనీ ప్రశ్నిస్తూ హైదరాబాదుకి చెందిన వొక సామాజిక కార్యకర్త వేసిన పిటిషన్ మీద హైకోర్టు 2022 జనవరిలో ప్రభుత్వానికి నోటీసు యిచ్చింది. యిలాంటి యంత్రం తప్పు గుర్తుపడితే వొక ప్రమాదం, సరిగ్గా గుర్తుపడితే యింకో ప్రమాదం. యెవరి వాడల్లో, యెవరి ముఖాల మీద యెక్కువగా వాడతారో వూహించడం కష్టం కాదు. కాబట్టి మన డిమాండు రెండు వైపులా పదునుగా వుండాలి. ఆస్పత్రిలో, పరీక్ష హాల్లో మమ్మల్ని సరిగ్గా చూడు. వూరేగింపులో, వాడలో మా అనుమతి లేకుండా చూడకు.

చెయ్యదగ్గ పనులు

సభల్లో ఫోటోలు తీసే మిత్రులు తెర మీద నల్లటి ముఖాన్ని వేలితో తాకి దాన్నిబట్టి వెలుగు సరిచేసుకోవాలి. వెనక గోడ తెల్లబోతే పోనివ్వండి. మనిషి వెనక కిటికీ, ట్యూబులైటు లేకుండా చూసుకోండి. ముఖానికి పక్కనుంచి వెలుతురు పడితే ఛాయలు బాగా తెలుస్తాయి. ముఖ్యమైన ఫోటోల్ని వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే కుదించేస్తుంది, చీకటి ఛాయలే ముందు పోతాయి. డాక్యుమెంటుగా పంపండి. వాడల చరిత్ర దాచేవాళ్లకి యిది మరీ అవసరం.

పోస్టర్లు వేయించేవాళ్లకి వొక మాట. తెర మీద ధగధగలాడే నీలం కాంతితో పుట్టింది. ప్రెస్సులో నాలుగు సిరాలతో అది రాదు, వూదాకి తిరుగుతుంది, లేదా మసకబారుతుంది. జెండా నీలం సరిగ్గా కావాలంటే ముందు వొక ప్రూఫు తీయించి చూసుకోండి.

ఉపాధ్యాయులు భౌతికశాస్త్రంలో కాంతి పాఠం చెప్పేటప్పుడు తరగతిలో పిల్లల్నే తెల్లగోడ ముందు వొకసారి, ముదురు గోడ ముందు వొకసారి ఫోటో తీసి చూపించవచ్చు. వొకే ముఖం రెండు రంగుల్లో వస్తుంది. "నేను నలుపు, ఫోటోకి పడను" అని వెనక నిలబడే పిల్లకి తప్పు తనలో లేదని మాటలతో చెప్పడం కంటే యిలా చూపిస్తే బాగా నాటుకుంటుంది.

విద్యార్థులు అంతకంటే ముందుకు పోవాలి. యీ దేశంలో అమ్మే ప్రతి ముఖ గుర్తింపు యంత్రాన్నీ, ప్రతి వైద్య పరికరాన్నీ యెవరి చర్మం మీద పరీక్షించారో లెక్క చెప్పమని సమాచార హక్కు కింద అడగాలి. 0 నుంచి 255 దాకా వున్న ఆ వరసలో నలుపు వైపు మెట్లకి కొదవ లేదు. ఆ మెట్ల మీద మన ముఖాల్ని నిలబెట్టే పని యింజనీరింగూ ఫోటోగ్రఫీ నేర్చుకున్న మనవాళ్లు చేపట్టాలి.